అమెరికా తొలినాటి ప్రభుత్వ చరిత్ర పుస్తకాలు: పాత ప్రతులు, పునర్ముద్రణలు ఎలా కొనాలి

ఒకే పేరుతో అమ్మకానికి ఉన్న మూడు ప్రతుల్లో మూడు రకాల పాఠం ఉండటం ఈ పుస్తకాల్లో మామూలే. అమెరికా ప్రభుత్వం ఎలా ఏర్పడిందో చెప్పే మూలగ్రంథాలు చాలావరకు సభలు ముగిసిన ఎన్నో ఏళ్ళకు అచ్చయ్యాయి. కొన్నిటిని రాసినవాళ్ళే తర్వాత దిద్దుకున్నారు, కొన్నిటిని సంపాదకులు కత్తిరించారు, ఒకదాన్నైతే ఎన్నికల రాజకీయం కోసం మార్చేశారు. కాబట్టి ముఖపత్రం మీది సంవత్సరం చూసి కొనకండి. ఆ పాఠం ఎవరి చేతుల మీదుగా అచ్చుకు వెళ్ళిందో తెలుసుకుని కొనండి. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి మూలం ఇదే.

1. చదవడానికా, దాచుకోవడానికా తేల్చుకోండి

ఈ రెండు అవసరాలూ ఒకే ప్రతితో తీరవు. చదవడానికి, వ్యాసంలో ఉటంకించడానికి అయితే 20వ శతాబ్దపు పరిష్కృత ముద్రణ కావాలి. దానికి సూచిక ఉంటుంది, పాఠాంతరాలు చూపిస్తుంది, కాగితం తట్టుకుంటుంది. ఆనాటి వస్తువుగా దాచుకోవడానికి అయితే పాఠం ఎంత నమ్మదగినదన్నది రెండో సంగతి. ప్రతి పూర్తిగా ఉందా, ఆ కాలపు బైండు మిగిలిందా, పూర్వం ఎవరి దగ్గర ఉంది అన్నవే ధర నిర్ణయిస్తాయి. 2021 నవంబరులో సదబీస్ వేలంలో రాజ్యాంగపు తొలి ముద్రణ ప్రతి ఒకటి 4.32 కోట్ల డాలర్లకు పోయింది. 2012 జూన్‌లో క్రిస్టీస్‌లో జార్జ్ వాషింగ్టన్ సొంత ప్రతి, తొలి కాంగ్రెస్ చట్టాల సంపుటం, 98 లక్షల డాలర్లు పలికింది. ఆ చట్టాల్లో ప్రతి వాక్యమూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. జనం డబ్బు పెట్టింది వాక్యాలకు కాదు.

2. కొనే ముందు ఉచితంగా చూడండి

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో కాంటినెంటల్ కాంగ్రెస్ జర్నల్స్, ఫారండ్ సంపుటాలు, ఎలియట్ డిబేట్స్, యానల్స్ ఆఫ్ కాంగ్రెస్ ఉన్నాయి (ఇవేమిటో మూడో మెట్టులో చెబుతాం). ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటులో వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, హామిల్టన్, మాడిసన్, ఫ్రాంక్లిన్‌ల ఉత్తరాలు, కాగితాలు పరిష్కృత రూపంలో దొరుకుతాయి. పాత ముద్రణల స్కానులకు హాతీట్రస్ట్, ఇంటర్నెట్ ఆర్కైవ్ చూడండి. ఈ స్కానులకు ఇంకో ఉపయోగం ఉంది. అమ్మకందారు పంపే ఫొటోలను అదే ముద్రణ స్కానుతో పుటకు పుట పోల్చి చూడవచ్చు. ముఖపత్రంలో ఒక్క కామా తేడా ఉన్నా అది వేరే ముద్రణ కావచ్చు.

హైదరాబాదులో ఉన్నవారికి అదనపు వెసులుబాటు ఒకటుంది. 1964లో మొదలైన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే నడిచింది. దాని వారసత్వం ఇప్పుడు విశ్వవిద్యాలయ అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రానిది. ఖరీదైన సంపుటాలకు ఆర్డరు పెట్టేముందు అక్కడి గ్రంథాలయంలో ఏవి చూడవచ్చో కనుక్కోండి. చేతిలోకి తీసుకుని తిరగేస్తే ఏ సంపుటం మీకు నిజంగా అవసరమో గంటలో తేలిపోతుంది.

3. ఏ పాఠం కొనాలో తేల్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు ఇది.

ముందుగా ఫెడరలిస్ట్, అంటే కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ హామిల్టన్, మాడిసన్, జాన్ జే రాసిన వ్యాసాలు. మొత్తం 85 వ్యాసాలు. 1787 అక్టోబరు నుంచి న్యూయార్క్ పత్రికల్లో పబ్లియస్ అనే మారుపేరుతో వచ్చాయి. 1788లో జె. అండ్ ఎ. మెక్‌లీన్ వాటిని రెండు సంపుటాలుగా వేశారు: మార్చిలో వచ్చిన మొదటి దానిలో 36 వ్యాసాలు, మే నెలలో వచ్చిన రెండోదానిలో 49. వేసింది 500 ప్రతులు. పుస్తకం వేసేటప్పుడు పత్రికలో 35వదిగా వచ్చిన వ్యాసాన్ని 29గా ముందుకు జరిపారు, 31వ దాన్ని రెండుగా చీల్చి 32, 33 చేశారు. అందువల్ల మధ్య భాగంలో పత్రిక అంకె, పుస్తకం అంకె కలవవు. 78 నుంచి 85 వరకు ఉన్న చివరి ఎనిమిదీ పత్రికల కంటే ముందు పుస్తకంలోనే వెలువడ్డాయి. న్యాయవ్యవస్థ గురించి తరచూ ఉటంకించే 78వ వ్యాసం వాటిలో మొదటిది.

1802లో జార్జ్ హాప్కిన్స్ వేసిన ముద్రణలో హామిల్టన్ ఆమోదంతో చేసిన దిద్దుబాట్లున్నాయి. ఏది ఎవరు రాశారో అందులో లేదు. 1810లో హామిల్టన్ రచనల్లో భాగంగా వచ్చిన ముద్రణలో రచయితల పేర్లున్నాయి, కానీ అవి హామిల్టన్ వైపు లెక్క ప్రకారం ఇచ్చినవి. 1818లో వాషింగ్టన్‌లో జేకబ్ గిడియన్ వేసిన దానిలో మాడిసన్ తన వ్యాసాలను స్వయంగా దిద్ది, తన లెక్క ఇచ్చాడు. ఈ రెండు లెక్కలకూ పన్నెండు వ్యాసాల దగ్గర పేచీ. 1964లో మోస్టెల్లర్, వాలెస్ చేసిన గణాంక పరిశోధన ఆ పన్నెండూ మాడిసన్‌వే అన్న వైపు మొగ్గింది. కాబట్టి 1810 నాటి ప్రతి గానీ దాని పునర్ముద్రణ గానీ కొని, అందులోని పేర్లు చూసి ఉటంకిస్తే తప్పులో పడతారు.

మా సలహా: ఉటంకించడానికి జేకబ్ కుక్ పరిష్కరించిన 1961 వెస్లియన్ యూనివర్సిటీ ప్రెస్ ముద్రణ కొనండి. మొదటి వ్యాసాలకు పత్రిక పాఠాన్నీ, చివరి ఎనిమిదింటికి మెక్‌లీన్ పాఠాన్నీ తీసుకుని, తర్వాతి మార్పులను అడుగున చూపిస్తుంది. మాడిసన్ దిద్దిన పాఠం కావాలంటే గిడియన్ ముద్రణ ఆధారంగా 2001లో లిబర్టీ ఫండ్ వేసినది చాలు, ధర కూడా తక్కువ. 1961లో క్లింటన్ రోసిటర్ సంపాదకత్వంలో వచ్చిన పేపర్‌బ్యాక్ మెక్‌లీన్ పాఠాన్ని అనుసరిస్తుంది. విద్యార్థికి అదే సరిపోతుంది.

తర్వాత రాజ్యాంగాన్ని రాసిన 1787 ఫిలడెల్ఫియా సమావేశం. అధికారిక జర్నల్‌ను బోస్టన్‌లో థామస్ వెయిట్ 1819లో అచ్చువేశాడు. అందులో తీర్మానాలు, ఓట్లు ఉంటాయి, ప్రసంగాలు ఉండవు. 1821లో ఆల్బనీలో, ఆ సమావేశానికి న్యూయార్క్ ప్రతినిధిగా వెళ్ళిన రాబర్ట్ యేట్స్ నోట్సు వచ్చింది. పాత పుస్తకాల జాబితాల్లో ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది, మాడిసన్ నోట్సు కంటే దాదాపు ఇరవై ఏళ్ళు ముందు వచ్చింది కాబట్టి. కానీ యేట్స్ జూలైలోనే సమావేశం వదిలి వెళ్ళిపోయాడు. పైగా అచ్చుకు సిద్ధం చేసిన ఎడ్మండ్ షార్ల్ జెనే, మాడిసన్‌ను ఇరుకున పెట్టేలా పాఠాన్ని మార్చాడని మిగిలిన రాతప్రతి పుటలతో పోల్చి చరిత్రకారుడు జేమ్స్ హట్సన్ చూపించాడు. దాన్ని చారిత్రక వస్తువుగా కొనండి, సాక్ష్యంగా కొనకండి. మాడిసన్ నోట్సు అతను పోయాక, 1840లో లాంగ్‌ట్రీ అండ్ ఓ సలివన్ వేసిన మూడు సంపుటాల్లో మొదటిసారి బయటికొచ్చింది. అతను కూడా తన నోట్సును తర్వాతి ఏళ్ళలో చాలాచోట్ల దిద్దుకున్నవాడే.

ఇవన్నీ ఒకచోట తేదీల వారీగా కావాలంటే మాక్స్ ఫారండ్ ముద్రణే దారి. 1911లో యేల్ వేసినది మూడు సంపుటాలు, 1937లో సవరించి వేసినది నాలుగు. నాలుగో దానిలో దిద్దుబాట్లు, కొత్త పత్రాలు, సూచిక ఉన్నాయి. అమ్మకందార్లు 1937 సెట్టులోని మూడు సంపుటాలను కలిపి పూర్తి సెట్టు అని పెట్టడం మామూలే. వాళ్ళకు 1911 లెక్క గుర్తుంటుంది. ముఖపత్రాల ఫొటోలు అడగండి. హట్సన్ 1987లో తెచ్చిన అనుబంధ సంపుటాన్ని విడిగా కొనాలి.

రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని రాష్ట్రాల్లో జరిగిన సభల విషయంలో జోనథన్ ఎలియట్ డిబేట్స్ అందరికీ తెలిసినవి. 1836 రెండో ముద్రణ నాలుగు సంపుటాలు, 1845లో మాడిసన్ నోట్సుతో ఐదోది చేరింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు లిపిన్‌కాట్ పేరుతో మళ్ళీమళ్ళీ అచ్చయ్యాయి, పాఠంలో చెప్పుకోదగ్గ మార్పు లేకుండా. చదవడానికైతే 1836 అన్న అంకెకు ఎక్కువ చెల్లించకండి, 1890ల ప్రతి అదే పని చేస్తుంది. అయితే ఎలియట్‌లో లోపం ఒకటుంది. పెన్సిల్వేనియా సభకు అతను ఆధారం చేసుకున్న థామస్ లాయిడ్ పుస్తకంలో రాజ్యాంగాన్ని సమర్థించిన విల్సన్, మెకీన్‌ల ప్రసంగాలే ఉన్నాయి, ఎదిరించినవాళ్ళ మాటలు లేవు. పెన్సిల్వేనియా గురించి రాసేవాళ్ళు విస్కాన్సిన్ నుంచి 1976లో మొదలైన ఆమోద చరిత్ర పత్రాల వరుసలో రెండో సంపుటం ఒక్కటైనా సంపాదించాలి.

కాంగ్రెస్ విషయానికొస్తే, రాజ్యాంగానికి ముందున్న కాంటినెంటల్ కాంగ్రెస్ జర్నల్స్‌ను, 1774 నుంచి 1788 దాకావి, 1823లో వే అండ్ గిడియన్ నాలుగు సంపుటాలుగా వేశారు. రహస్య భాగాలు అందులో లేవు; అవి 1820-21లో వెయిట్ వేసిన సీక్రెట్ జర్నల్స్ నాలుగు సంపుటాల్లో ఉన్నాయి. 1904 నుంచి 1937 వరకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తెచ్చిన 34 సంపుటాలు వీటి స్థానాన్ని పూర్తిగా తీసుకున్నాయి. 1789 తర్వాతి చర్చలకు యానల్స్ ఆఫ్ కాంగ్రెస్, 42 సంపుటాలు. ఇది అప్పటికప్పుడు రాసిన రికార్డు కాదు; 1834 నుంచి 1856 మధ్య ఎక్కువగా పాత పత్రికల నుంచి కూర్చినది. అంకెలు పుటలకు కాదు, నిలువు వరుసలకు వేశారు. మొదటి రెండు సంపుటాలు రెండు వేర్వేరు అచ్చుల్లో వచ్చాయి, అంకెలు కలవవు. పుస్తకాల్లో ఇచ్చిన అంకె మీ ప్రతిలో దొరకకపోతే కారణం ఇదే, ఉన్న ప్రతిని పారేసి మరొకటి కొనకండి.

సెనేట్ మొదటి కొన్నేళ్ళు తలుపులు మూసుకుని కూర్చుంది. అందుకే పెన్సిల్వేనియా సెనేటర్ విలియం మెక్లే డైరీకి అంత విలువ. 1880 ముద్రణ సంక్షిప్తం, 1890ది దానికంటే నిండైనది, నమ్మదగినది మాత్రం తొలి ఫెడరల్ కాంగ్రెస్ పత్రాల వరుసలో 1988లో వచ్చిన తొమ్మిదో సంపుటం.

సుప్రీంకోర్టు న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ రాజ్యాంగం మీద రాసిన కామెంటరీస్‌తో ఒక జాగ్రత్త. 1833లో మూడు సంపుటాల పూర్తి గ్రంథమూ, స్టోరీయే కుదించిన ఒక్క సంపుటమూ రెండూ వచ్చాయి. 1970లో డా కాపో పునర్ముద్రించింది పూర్తిది. 1987లో కరొలైనా అకడమిక్ ప్రెస్ వేసింది కుదించినది. పేరు ఒక్కటే కాబట్టి సంపుటాల సంఖ్య అడగకుండా ఆర్డరు పెట్టవద్దు.

4. పునర్ముద్రణ ఏ జాతిదో గుర్తుపట్టండి

మూడు రకాలు దొరుకుతాయి. కొత్తగా అచ్చు కూర్చి, సంపాదకుడి పేరుతో వచ్చినవి మొదటివి. 1960, 70లలో గ్రంథాలయాల కోసం పాత పుటలను ఫొటో తీసి, గుడ్డ బైండుతో వేసినవి రెండోవి; గ్రంథాలయాలు వదిలించుకునేటప్పుడు ఇవి చవకగా వస్తాయి, చదువరికి ఇంతకంటే మంచి బేరం లేదు. మూడోవి ఆర్డరు వచ్చాక ఒక్కో ప్రతి అచ్చువేసేవి.

మూడో రకంలోనే ఎక్కువమంది నష్టపోతారు. స్కాను చేసిన పుటను కంప్యూటరు చదివి మళ్ళీ కూర్చిన పాఠమైతే 1800కు ముందు అచ్చులో ఉన్న పొడుగు ఎస్ అక్షరం ఎఫ్‌గా మారిపోతుంది, అధోజ్ఞాపికలు మాట మధ్యలోకి వచ్చి పడతాయి, పట్టికలు చెదిరిపోతాయి. నేరుగా స్కాను బొమ్మలే వేసినవాటిలో మడత విప్పే పటాలు మడిచి ఉన్నట్టే అచ్చవుతాయి, అంచు మాటలు తెగిపోతాయి. బహుళ సంపుటాల గ్రంథంలో ఏ సంపుటమో అట్టమీద ఉండదు. గుర్తులు: అట్టమీద సంబంధంలేని ప్రకృతి దృశ్యం, సంపాదకుడి పేరు లేకపోవడం, పుటల సంఖ్య అసలు గ్రంథంతో కలవకపోవడం, ప్రచురణ సంవత్సరం 2008 తర్వాతిది కావడం. లోపలి పుటలు చూపించని ప్రతిని కొనకండి. తప్పదనుకుంటే స్కాను బొమ్మలు వేసినదే తీసుకోండి. కనీసం పాఠం అసలుదవుతుంది.

అసలు ప్రతుల పక్కన కనిపించే మెరిసే తోలు బైండు, మూడు అంచులకూ బంగారు పూత ఉన్న ఫెడరలిస్ట్ ప్రతులు గత శతాబ్దం చివర పుస్తక క్లబ్బులు వేసినవి. బీరువాలో అందంగా ఉంటాయి. పాతవి మాత్రం కావు.

5. అమ్మకందారును అడగాల్సినవి

వెతకడానికి వయాలిబ్రి, ఏబ్‌బుక్స్, బిబ్లియో వెబ్‌సైట్లు ఉన్నాయి. ఖరీదైన ప్రతికి అమెరికా పాత పుస్తకాల వర్తకుల సంఘం ఏబీఏఏ, లేదా అంతర్జాతీయ సమాఖ్య ఐలాబ్ సభ్యుల దగ్గరే కొనడం మేలు. వర్ణన తప్పైతే వెనక్కి తీసుకునే కట్టుబాటు వాళ్ళకుంటుంది. 1800 వరకు ఉన్న అమెరికా అచ్చులకు ఇవాన్స్ అంకె, అమెరికా సంబంధమైన పాత పుస్తకాలకు సాబిన్ అంకె ఇస్తారు; ఇవి ఆ పేర్ల గ్రంథసూచీల్లో పుస్తకం వరుస అంకెలు. ఉదాహరణకు మెక్‌లీన్ ఫెడరలిస్ట్ ఇవాన్స్ 21127. ధర వేలల్లో పెట్టి ఈ అంకె ఇవ్వని జాబితాను అనుమానించండి.

ఉత్తరంలో సూటిగా అడగండి: ప్రతి సంపుటం ముఖపత్రం, దాని వెనక పుట, చివరి పుట, బైండు లోపలి మడత ఫొటోలు పంపగలరా? పుటలన్నీ లెక్కపెట్టి చూశారా? ఏదైనా పుట నకలుతో భర్తీ చేశారా? గ్రంథాలయ ముద్రలు ఎక్కడెక్కడ ఉన్నాయి, పుస్తకాన్ని గ్రంథాలయం తొలగించినట్టు ముద్ర ఉందా? అన్ని సంపుటాలూ ఒకే ముద్రణవేనా? చివరి ప్రశ్నకు జవాబు దాటవేస్తే అది కలగలుపు సెట్టు అనుకోండి. తొలగింపు ముద్ర లేని గ్రంథాలయ ప్రతికి ఆ గ్రంథాలయాన్ని సంప్రదించనిదే డబ్బు పంపవద్దు, దొంగిలించిన పుస్తకమని తేలితే వెనక్కి ఇవ్వాల్సి రావచ్చు.

6. పాత ప్రతి చేతికొచ్చాక

పుటలను లెక్కించండి. మెక్‌లీన్ మొదటి సంపుటం రోమన్ అంకెల ఆరు పుటలు, ఆపైన 227. రెండోది ఆరు, ఆపైన 384. పుట అంకెలు మాత్రమే చూస్తే చాలదు, ఆ కాలపు ముద్రకులు అంకెలు తప్పు వేసేవారు. ప్రతి ఫారం (ఒకటిగా మడిచి కుట్టిన పుటల కట్ట) మొదటి పుట అడుగున ఉండే అక్షర గుర్తుల వరుస కూడా చూడాలి. అక్షరమాలలో ఒకటి తప్పిందంటే ఫారం పోయినట్టే, అయితే జె, వి, డబ్ల్యు గుర్తులు అప్పట్లో మామూలుగా వాడరు.

అనుమానమున్న పుటను వెలుతురుకు పట్టి చూడండి. 18వ శతాబ్దపు చేతి కాగితంలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో గీతలు కనిపిస్తాయి. పెద్ద సైజు ఆక్టేవో పుస్తకంలో అవి నిలువుగా, చిన్నదైన డుయోడెసిమోలో మామూలుగా అడ్డంగా ఉంటాయి. ఒక్క పుటలో మాత్రం గీతల దిశ గానీ రంగు గానీ తేడాగా ఉంటే అది వేరే ప్రతినుంచి తెచ్చి అతికించినది, లేదా నకలు. ముఖపత్రం, చివరి పుట ఇలా మారే అవకాశం ఎక్కువ.

న్యాయ గ్రంథాలకు ఆనాడు గొర్రె తోలు వాడేవారు. అది పాతబడ్డాక ఎర్రటి పొడి రాలుతుంది, చేతికి, బట్టలకు అంటుతుంది. నూనెలు, పాలిష్‌లు పూయకండి, తోలు నల్లబడి బిగుసుకుపోతుంది. పొడిని ఆపడానికి బైండర్లు క్లూసెల్-జి అనే ద్రావణం వాడతారు. అది చేయడం తెలిసినవాళ్ళకే అప్పగించండి. వెన్ను మార్చి కొత్త తోలు వేసిన ప్రతి చదవడానికి గట్టిగా ఉంటుంది, ధర మాత్రం తక్కువ ఉండాలి. ఒక సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది: 1788 నాటి కాగితం గుడ్డపీలికలతో చేసినది కాబట్టి ఇంకా మెత్తగా వంగుతుంది; 1880ల చెక్క గుజ్జు కాగితం మూల మడిస్తే విరుగుతుంది. కాబట్టి 19వ శతాబ్దం చివరి ప్రతి కొనేముందు, ఖాళీ పుట మూల ఎలా ఉందో అమ్మకందారును అడగండి.

7. తెప్పించుకోవడం

ఐదు వందల పుటల సంపుటం ప్యాకింగుతో కలిపి కిలో దాకా తూగుతుంది, తపాలా ఖర్చు పుస్తకం ధరను మించిపోవచ్చు. అమెరికాలో బంధువులుంటే వాళ్ళ చిరునామాకు మీడియా మెయిల్‌లో, అంటే పుస్తకాలకు అమెరికా తపాలా ఇచ్చే తక్కువ రేటులో, చవకగా తెప్పించి, ఇండియాకు వచ్చేవారి చేత పంపించుకోవడం మన ఇళ్ళలో తెలిసిన దారే. పాత ప్రతిని చెక్-ఇన్ సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో తెమ్మని, కొన్న రసీదు తోడుగా పెట్టమని చెప్పండి. కొరియరులో వస్తే కేవైసీ పత్రాలు అడుగుతారు. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాలపై 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టారు. ఆర్డరు పెట్టే రోజున ఉన్న రేటు చూసుకోండి. నూరేళ్ళు దాటిన వస్తువులకు సుంకం పట్టికలో వేరే శీర్షిక ఉంది కాబట్టి రసీదులో ముద్రణ సంవత్సరం స్పష్టంగా ఉండేలా అమ్మకందారుకు ముందే చెప్పండి.

8. ఇంట్లో ఉంచడం

వచ్చిన పుస్తకాన్ని వెంటనే మిగతావాటి పక్కన పెట్టకండి. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ సంచిలో రెండు వారాలు విడిగా ఉంచి, అడుగున సన్నటి పొడి రాలుతోందేమో చూడండి. రాలితే లోపల పురుగు ఉన్నట్టే.

గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పట్టే ప్రమాదం మొదలవుతుంది. విశాఖ, విజయవాడ, కాకినాడ ఇళ్ళలో వానాకాలం అంతా అదే స్థితి. ముప్పావు అడుగు పొడవుండే తేమ కొలమానం కొనాల్సిన పనిలేదు, అరచేతిలో పట్టే డిజిటల్‌ది చాలు. దాన్ని అలమరలోనే ఉంచండి. 40 నుంచి 55 మధ్య ఉంటే మంచిది. ఇనప బీరువా తలుపులు నెలలకొద్దీ మూసి ఉంచితే లోపల తేమ నిలిచిపోతుంది. పొడిగా ఉన్న రోజుల్లో తెరవండి, సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్ళీ వాడండి. బయటి గోడకు ఆనించవద్దు. పుటల మధ్య వేపాకు పెడితే ఆకు మరక శాశ్వతంగా పడుతుంది. స్కూలు పుస్తకాలకు వేసే పీవీసీ కవరు కొన్నేళ్ళకు అట్టకు అతుక్కుపోతుంది, దాని బదులు పాలియెస్టర్ షీటు వేయండి. చిరిగిన పుటకు సెలోటేపు ఎప్పుడూ వేయకండి. జపనీస్ టిష్యూ, గోధుమపిండి జిగురు వాడే బైండరు దొరికేవరకు ఆ పుటను పలచటి ఆమ్లరహిత కాగితంలో మడిచి అక్కడే ఉంచండి.